పళ్ల మధ్య ఇనుప కడ్డీ

విలేకరి అబద్ధం రాస్తే మర్నాడు సవరణ వేయొచ్చు. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే దానికి సవరణ వేయడం కుదరలేదు.

ఇప్పుడు పత్రికల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొస్తుంటారు. మీ రోజుల్లో ఎలా ఉండేది సార్ అని అడుగుతారు. సీసం అక్షరాల గురించీ, ప్రూఫులు దిద్దే పెద్దాయన కోపం గురించీ చెప్పి పంపిస్తుంటాను. ఇది మాత్రం చెప్పలేదు. చెప్పడానికి అనుమతి షరతు మీద దొరికింది. ఆ షరతు ఏమిటో కథ అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

డెబ్బైల చివరి మాట. నేను ఒక తెలుగు దినపత్రికకు పాతబస్తీ విలేకరిని. ఉద్యోగంలో నాలుగో ఏడు. మా చీఫ్ కోస్తా మనిషి. ఒకరోజు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "ఆదివారం పేజీకి ఒక మనిషిని పట్టుకురావోయ్. మంత్రులూ సంఘాధ్యక్షులూ వద్దు. చేత్తో పనిచేసేవాణ్ణి తీసుకురా" అన్నాడు.

ఆ మనిషి నాకు ఇరానీ హోటల్లో దొరికాడు. అంటే ఆయన మాట దొరికింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు లారీ డ్రైవర్లు గొడవ పడుతున్నారు. పాత లారీ కొనే ముందు ఉప్పుగూడ ఉస్తాద్‌కు చూపించాలా వద్దా అన్నది గొడవ.

"ఆయనకు సూపియ్యకుండ కొంటె నీ పెండ్లాం బిడ్డలు రోడ్డు మీద కూసుంటరు, సూడు మరి" అన్నాడు ఒకడు.

"ఆయనకు సూపిస్తె నేను ఎన్నడు కొనను. అన్ని బండ్లను ఫేలు జేస్తడు" అన్నాడు రెండోవాడు.

ఆ రోజుల్లో జీతానికి బండి తోలే డ్రైవరు కొత్త లారీ గురించి ఆలోచించేవాడు కాదు. ఆలోచిస్తే పాతదాని గురించే. పాత లారీకి రెండు రోజుల్లో రంగు వేయించొచ్చు. టైర్లు మార్చొచ్చు, ముందు నిమ్మకాయలు కట్టొచ్చు. లోపలి డీజిల్ ఇంజన్ మాత్రం ఎవరికీ కనపడదు. అది కొన్న నెలకే కూర్చుందంటే పదేళ్ల కూడబెట్టు దానితోపాటే కూర్చుంటుంది. దాన్ని విప్పకుండానే లోపల ఏముందో చెప్పే మనిషి ఉప్పుగూడ ఉస్తాద్.

ఉప్పుగూడ స్టేషన్ దాటాక, రైలు పట్టాలను ఆనుకుని ఉండేది ఆయన రేకుల షెడ్డు. అందులో ఇద్దరే. ఉస్తాద్‌కు అరవై దగ్గర పడి ఉంటాయి. సన్నటి మనిషి, కత్తిరించిన తెల్ల గడ్డం. ఎంత మెల్లగా మాట్లాడేవాడంటే మనమే ముందుకు వంగి వినాలి. పెద్ద ఇంటి ఖాందానీ మనిషి, అదబ్ మర్యాద తెలిసినవాడు అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. రెండోవాడు ఆయన జోడీదారు. తెలుగువాడు, ఒకప్పుడు డ్రైవరు, భారీ మనిషి. ముప్పై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకటే షెడ్డు.

జోడీదారుకు ఒక వింత అలవాటు. ఎవరేమన్నా ఉస్తాద్ ఎదురుగా నిలబడి మళ్లీ అనేవాడు.

"ఉస్తాద్, ఒక బండి సూడాలె" అన్నాడు నేను వెళ్లిన రోజు వచ్చిన డ్రైవరు.

"బండి సూడాల్నంట" అన్నాడు జోడీదారు.

"ఎన్నేండ్లది?" అన్నాడు ఉస్తాద్.

"తొమ్మిదేండ్లది."

"తొమ్మిదేండ్లదంట."

నాకు నవ్వాగలేదు. 'చిలుక' అని రాసుకుని కింద గీత గీశాను.

బండి ముందురోజు సాయంత్రమే షెడ్డుకు వచ్చి ఉండాలన్నది ఉస్తాద్ పెట్టిన కట్టుబాటు. పొద్దున ఆయన బానెట్ ఎత్తి అరచేయి వెనకవైపుతో ఇంజన్‌ను తాకి చూస్తాడు. చల్లగా ఉంటేనే పని మొదలు. వెచ్చగా ఉంటే మూసేస్తాడు.

"పొద్దుగాలనే లేచి మొహం కడుక్కున్న బండిని నేను సూడను సాబ్" అన్నాడు నాతో. "నిద్రల నుంచి లేపితె అసలు రూపు ఎరుకైతది."

స్టార్ట్ చేశాక పొగ చూశాడు. నల్ల పొగ అయితే భయం లేదు, నాజిల్సో పంపో సరిచేస్తే పోతుంది. తెల్ల పొగ ఇంజన్ వేడెక్కాక ఆగాలి. ఆగకపోతే లోపలికి నీళ్లు దిగుతున్నట్టు. నీలం పొగ వస్తే ఇంజన్ నూనె తాగుతోందన్న మాట, ఇంకేమీ చూడకుండా ఇంటికి పోవచ్చు. తర్వాత నూనె పోసే చోట మూత విప్పి, తలకిందులుగా ఆ కన్నం మీద పెట్టాడు. మూత గలగల ఎగిరితే పిస్టన్ రింగులు అరిగాయని. ఆ రోజు మూత కాస్త వణికి ఊరుకుంది. నా చేతిలోని పేపరు అంచు అడిగి చింపి తీసుకుని, దాని మీద ఒక చుక్క నూనె వేసి ఎండలో పెట్టాడు. అది ఎంత దూరం పాకుతుందో, మధ్యలో మసి ఎంత మిగులుతుందో చాయ్ తాగేలోపు తెలుస్తుందన్నాడు.

చివరగా మూరెడు ఇనుప కడ్డీ తీశాడు. ఒక కొన నడుస్తున్న ఇంజన్‌కు ఆనించి, రెండో కొన పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పైన ఒకచోట, కింద ఒకచోట, ఆరు సిలిండర్ల దగ్గరా ఆరుసార్లు. ముఖంలో ఎంత శాంతం ఉందంటే నేను రాయడం మానేసి చూస్తూ నిలబడ్డాను.

"ఏం వినపడుతది ఉస్తాద్?" అన్నాను తర్వాత.

"ఏం వినపడుతదంట" అన్నాడు చిలుక.

ఉస్తాద్ నవ్వాడు. "ఆరుగురు ఒక్క ఇంట్ల ఉంటరు సాబ్. అందరు పనిజేస్తున్నమనే అంటరు. అలిసిపోయింది ఎవరో అడిగి తెలుసుకుంట, గంతే."

అప్పుడే రైలు వచ్చింది. షెడ్డు రేకులు ఊగిపోయాయి. నేనూ జోడీదారూ, అప్పుడే బండి వెనక నుంచి వచ్చిన డ్రైవరూ మాట మధ్యలో ఆపేశాం. ఉస్తాద్ మాత్రం అదే మెల్లని గొంతుతో చెప్పుకుంటూ పోయాడు. 'రైలును కూడా లెక్కచేయడు' అని రాసుకున్నాను.

చూశారా, అన్నీ చూశాను. అన్నీ రాసుకున్నాను.

ఆదివారం పేజీలో సగం నాదే. 'పళ్లతో ఇంజన్ వినే ఉస్తాద్' అని డెస్కువాళ్లు శీర్షిక పెట్టారు. చిలుక ముచ్చటా ఉంది, రైలు ముచ్చటా ఉంది. చీఫ్ నా భుజం తట్టి చాయ్ తెప్పించాడు. నాలుగేళ్లలో అదే మొదటిసారి.

సోమవారం మూడు కాపీలు చుట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఉస్తాద్ లేడు. జోడీదారు కిరసనాయిల్‌తో చేతులు కడుక్కుంటున్నాడు. ఆ పేజీ అప్పటికే మడిచి, జాకీ కింద ఎగరకుండా పెట్టి ఉంది.

"సదివినవా అన్నా?" అన్నాను.

"సదివిన."

"ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది." చేతులు తుడుచుకున్నాడు. "పండ్లతోటి వినే ముచ్చట నీకెవరు జెప్పిన్రు సార్?"

"ఎవరూ జెప్పలే. నేనే చూసిన గద."

"ఒక మాట అడుగుత. చెవులు మంచిగున్న మెకానిక్ కడ్డీని యాడ పెట్టుకుంటడు?"

నేను గోడకున్న కడ్డీ వైపు చూశాను.

"చెవికి పెట్టుకుంటడు" అన్నాడు ఆయనే. "మా లైన్ల ఉన్న ప్రతోడికి ఎరుకే. పండ్లకు పెట్టుకున్నడంటె ఇగ చెవుల్లేవనే లెక్క."

పదకొండేళ్ల కింద షెడ్డులోనే గాలి కొడుతుంటే లారీ టైరు పేలిందట. ఉస్తాద్ పక్కనే ఉన్నాడు. రెండు చెవుల్లోనూ పొరలు చిరిగిపోయాయి. మనుషుల మాటలు పోయాయి, కానీ కడ్డీ పళ్లకు పట్టుకుంటే ఇంజన్ చప్పుడు దవడ ఎముకల్లోంచి లోపలికి పోతోంది. ఆ సంగతి ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే కనిపెట్టాడు. చెవిటివాడి దగ్గరికి ఇంజన్ వినిపించడానికి ఎవడొస్తాడు? అందుకని ఇద్దరూ దాచిపెట్టారు. కడ్డీ పట్టేటప్పుడు కొనేవాళ్లను పొగ చూడమని బండి వెనక్కి పంపించేవాళ్లట. నేను పేపరువాణ్ణి గనక, బండ్ల సంగతి తెలియనివాణ్ణి గనక, దగ్గర నిలబడనిచ్చారు.

"నేను చిలుకను గద సార్, నువ్వే రాసినవ్" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నా మూతి సూడు. మీసమున్నదా? డ్రైవర్లల మీసం లేనోణ్ణి ఇంకొకణ్ణి సూపియ్యి. పదకొండేండ్ల కింద తీసేసిన. పెదవులు కనవడకపోతె ఆయనకు నా మాట ఎట్ల సమజైతది?"

నేను మూడు కాపీలూ ఎక్కడ పెట్టాలో తెలియక చంకలోనే పట్టుకుని నిలబడ్డాను.

ఉస్తాద్ వచ్చాడు. నన్ను చూసి రెండు చేతులతో నా చేయి పట్టుకున్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, ఉర్దూ వచ్చు. జోడీదారు పొద్దున్నే వాక్యం వాక్యం పెదవులతో చెప్పేశాడట.

"ఉస్తాద్, మాఫ్ చెయ్యాలె" అన్నాను, ఆయన ముఖంలోకి చూస్తూ. ఆయనతో ఎట్లా మాట్లాడాలో ఆ రోజే నేర్చుకున్నాను.

"ఎందుకు సాబ్? మీరు జూసిందే రాసిన్రు. ఝూట్ ఒక్కటి లేదు" అన్నాడు. "చాయ్ తాగుతరా?"

ఆయన తిట్టి ఉంటే నాకు ఆ చాయ్ దిగేది.

ఆ వారం షెడ్డుకు ఒక్క బండి రాలేదు. పాత లారీలు అమ్మిపెట్టే దలాళ్లకు ఉస్తాద్ మీద ఎప్పటి నుంచో కక్ష. ఆయన ఫేలు చేసిన బండిని మళ్లీ అమ్మడానికి ఊరు దాటించాల్సి వచ్చేది. ఇప్పుడు వాళ్ల జేబుల్లో నా వ్యాసం ముక్క ఉంది. ఉస్తాద్ చెవిటోడని మేమంటే నమ్మరు, పేపరోళ్లే రాసిన్రు చూసుకోండి అని ఊరంతా చూపిస్తున్నారట.

నేను చీఫ్ దగ్గరికి వెళ్లి సవరణ వేద్దామన్నాను.

"ఏం సవరిస్తావు? పళ్లతో వినడం అబద్ధమా?"

"కాదు సార్."

"ఆయనకు చక్కగా వినపడుతుందని వేద్దామా?"

"అది అబద్ధం సార్."

ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "నిజానికి సవరణ వేసే జాగా మన పేపర్లో లేదోయ్" అన్నాడు చివరికి. "నువ్వు వెళ్లి వస్తుండు. అంతకంటే ఏం చేయలేవు."

వెళ్లి వస్తుండేవాణ్ణి. మూడో వారంలో ఒక మొగుడూ పెళ్లామూ షెడ్డుకొచ్చారు. అతను పద్నాలుగేళ్లుగా పరాయి లారీ తోలుతున్నాడు. ఆమె లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్లు అద్దుతుంది. ఇద్దరి పద్నాలుగేళ్ల కష్టమూ కలిపి ఒక లారీ చూసుకున్నారు. ఆ వ్యాసం రాకముందే ఉస్తాద్‌తో మాట అయింది. వచ్చాక ఆ డ్రైవరుకు నిద్ర పట్టడం లేదు. ఆమెకు మాత్రం పడుతున్నట్టే ఉంది.

"దలాలు బండిని ఈడికి పంపనంటున్నడు అన్నా" అన్నాడు అతను జోడీదారుతో. "సూడాల్నంటె మీ ఉస్తాదే మా అడ్డాకు రావాలె అంటున్నడు."

పదకొండేళ్లలో ఉస్తాద్ ఎవరి అడ్డాకూ వెళ్లలేదు. తన షెడ్డులో, తన పొద్దుటి పూట, తన చిలుక పక్కన ఉంటేనే ఆయన దాగగలిగేవాడు. జోడీదారు ఆ మాట ఆయనకు పెదవులతో చెప్పాడు. ఆయన గోడకున్న కడ్డీ తీసి గుడ్డతో తుడిచాడు.

"చలో" అన్నాడు.

దలాల్ అడ్డా మలక్‌పేట దాటాక ఒక ఖాళీ జాగా. పొద్దున పది గంటలకే ఎండ మండుతోంది. ఏడెనిమిది లారీలు, పదిహేను మంది జనం. మేం చూడాల్సిన లారీ పెళ్లికొడుకులా ఉంది. కొత్త ఎర్ర రంగు, తలుపుల మీద నెమళ్లు. దాని పక్కనే ఇంకో లారీ స్టార్ట్ చేసి వదిలేశారు. ఆ రొదలో గొంతు పెంచితే తప్ప పక్కవాడి మాట వినపడటం లేదు.

దలాల్ నన్ను గుర్తుపట్టాడు. వ్యాసం ముక్క జేబులోంచి తీసి అందరికీ చూపించి, "గీ సారే రాసిండు! శానా మంచిగ రాసిన్రు సార్" అని నాకు నమస్కారం పెట్టాడు. అంత మర్యాద నాకు ఇంకెవరూ ఎప్పుడూ చేయలేదు.

ఉస్తాద్ అప్పటికే బానెట్ ఎత్తి చేయి వెనకవైపు ఆనించాడు. చల్లగా లేదు.

"జర పక్కకు జరపనీకి స్టార్ట్ జేసినం ఉస్తాద్" అన్నాడు దలాల్. అని, జనానికి కన్ను గీటి, పిల్లి అడుగులేస్తూ ఉస్తాద్ వీపు వెనక్కి వెళ్లాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి గట్టిగా అరిచాడు.

"ఉస్తాద్! నీ లుంగీకి అగ్గి అంటుకున్నది!"

ఉస్తాద్ పైజామాలో ఉన్నాడు. ఇంజన్ చూస్తూనే ఉన్నాడు. జనం పగలబడి నవ్వారు. జోడీదారు కదలలేదు. ఆయన పెదవులు మాత్రం ఒకసారి విడివడి మూసుకున్నాయి. పదకొండేళ్లలో ఆయన ఉస్తాద్‌కు చెప్పకుండా మింగిన మాట అదొక్కటే అనుకుంటాను.

డ్రైవరు ముఖం పాలిపోయింది. నా దగ్గరికొచ్చాడు.

"సార్, నువ్వే గద రాసింది. ఒక్క మాట జెప్పు. ఈయనకు ఇనవడదా?"

అందరూ నా వైపు తిరిగారు. అందరూ తిరగడం చూసి ఉస్తాద్ కూడా తిరిగాడు.

వినపడుతుందని చెప్పేస్తే పోతుందని ఒక క్షణం అనిపించింది. కానీ వీళ్లు లారీ కొంటున్నారు. నేను డ్రైవరు వైపు చూడలేదు. ఉస్తాద్ ముఖంలోకి చూసి, ఆయనకు అందేలా ఒక్కో మాటే పలికాను.

"వినపడదు. పదకొండేండ్ల సంది వినపడదు. పదకొండేండ్ల సంది ఈయన పాసు జేసిన బండి ఏదన్న కూసున్నదేమో ఈడ ఉన్నోళ్లను అడుగు."

ఉస్తాద్ తల ఊపాడు. అవును అన్నట్టు. లేదా ఇక సరే అన్నట్టు.

దలాల్ ఏదో అనబోయాడు. ఆ డ్రైవరు భార్య కొంగు నడుముకు దోపుకుని, అందరి మధ్యలోంచి నడిచి, చుట్టూ తిరిగి వచ్చి ఉస్తాద్ ఎదురుగా నిలబడింది. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు.

"చాచా, మా అత్తకు పొయ్యి కాడ కూసోని కూసోని కండ్లు పోయినయి" అంది. "లక్క కాగిందా లేదా అని ఇప్పటికీ మేమందరం ఆమెనే అడుగుతం. ఆమె ఏలుతోటి జెప్తది. కండ్లున్నోళ్లం మేమే మాడగొడ్తం." కడ్డీ వైపు చేయి చూపింది. "నువ్వు సూడు. నువ్వు జెప్పిందే మా మాట."

మొగుడు పక్కకు జరిగి ఉస్తాద్‌కు దారి ఇచ్చాడు.

ఉస్తాద్ ఇంజన్ స్టార్ట్ చేయించి కడ్డీ తీశాడు. ఈసారి ఎవర్నీ బండి వెనక్కి పంపలేదు. అంతమంది చూస్తుండగా పళ్ల మధ్య పెట్టుకున్నాడు. దలాల్ మెకానిక్ అప్పటికే చెవి పెట్టి విని, సితార్ లెక్క నడుస్తుందని చెప్పేశాడు. పక్క లారీ రొద ఆగలేదు. ఆ రొదకు మేమందరం చెవిటివాళ్లమే అయ్యాం. దాన్ని లెక్కచేయనిది ఆయనొక్కడే.

పైన ఆరుచోట్లా చూశాడు. కింద, నూనె తొట్టికి పైన, మూడో సిలిండరు దగ్గరకొచ్చాక కడ్డీ కదలలేదు. కళ్లు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. బీడీ తాగేంతసేపు అలాగే ఉండి, కడ్డీ తీసి తుడుచుకున్నాడు.

"మూడోది కింద కొట్టుకుంటున్నది. బేరింగ్ పోయింది" అన్నాడు, మేం ముందుకు వంగి వినేంత మెల్లగా. "శానా మెల్లగ కొట్టుకుంటున్నది. అంత మెల్లగ ఎందుకు కొట్టుకుంటున్నదో సూడాలె."

దలాల్ నవ్వాడు. "చెవులున్నోళ్లకు వినవడనిది నీకు వినవడ్డదా?"

ఉస్తాద్ ఆయన పెదవుల మీద చూపు పెట్టి ఆ మాట పూర్తిగా చదివాడు. చేయి చాపి, దలాల్ వేళ్ల మధ్య ఉన్న నా వ్యాసం ముక్కను అదబ్‌గా తీసుకున్నాడు. బండి మడ్‌గార్డ్ మీద పరిచాడు. ఇంజన్ ఆపించి, నూనె కొలిచే కడ్డీ బయటికి లాగి, ఆ ముక్క మీద ఒక చుక్క వేశాడు. పక్కన రొద చేస్తున్న లారీని ఆపించి దాని నూనె కూడా ఒక చుక్క, జానెడు దూరంలో.

"చాయ్ తాగుదాం" అన్నాడు.

రొద ఆగిన అడ్డాలో మేం చాయ్ తాగాం. కప్పులు కింద పెట్టేసరికి రెండో లారీ చుక్క నా వ్యాసంలో నాలుగు వాక్యాల మీదికి పాకిపోయింది. ఎర్ర లారీ చుక్క వేసినచోటే ఉబ్బుగా కూర్చుంది. ఎండలో మెరుస్తోంది.

ఆమె వంగి చూసింది. "గాజు మీద రాయి అద్దినట్లున్నది" అంది.

"గేరు బాక్సుల పోసే నూనె" అన్నాడు జోడీదారు. అది ఎవరి మాటనో తిరిగి చెప్పింది కాదు, ఆయన సొంతం. "ఇంజన్ నూనెల కలిపి పోసిన్రు. చిక్కటి నూనెల బేరింగ్ చప్పుడు మునిగిపోతది. నెల రోజులు ఇనవడదు. గా తర్వాత ఊరంత ఇనవడతది."

"అంత ఝూట్" అన్నాడు దలాల్.

ఉస్తాద్ ఆయన వైపు తిరిగాడు. "కావొచ్చు భాయ్. నేను చెవిటోణ్ణి. ఈ నూనె దించి, మామూలు నూనె పోసి స్టార్ట్ జెయ్యి. నేను దూరం పోయి కూసుంట. చెవులున్నోళ్లనే విననియ్యి."

ఎవరో దగ్గారు. దలాల్ తన మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్ చెప్పుల వైపు చూసుకున్నాడు. నూనె దించమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కాసేపటికి దలాల్, ఇష్టముంటే కొనుండ్రి లేకుంటే లేదు అంటూ వెళ్లిపోయాడు. ఆ డ్రైవరు అక్కడే ఎర్ర లారీ నీడలో చతికిలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని అతని వీపు మీద చేయి వేసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉస్తాద్ నా పక్కన కూర్చున్నాడు.

"రేపు ఇది గూడ రాస్తరా సాబ్?"

"రాయనా?" అన్నాను ఆశగా. అదొక్కటీ రాస్తే నా తప్పు సగం తీరిపోతుందనిపించింది.

ఆయన కిటికీలోంచి చూస్తూ ఆలోచించాడు. "ఆ దలాల్‌కు గూడ పెండ్లాం బిడ్డలున్నరు. నేను బతికున్నన్ని దినాలు మల్ల రాయొద్దు. తర్వాత మీ ఇష్టం. ఎవ్వరి పేరు రాయొద్దు. నాది గూడ."

అదీ షరతు. అందుకే ఇన్నేళ్లు, అందుకే పేర్లు లేవు.

అంతా మునుపటిలా అయిందని చెబితే అది అబద్ధమవుతుంది. కొందరు మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం ఆమె నిలబడినట్టే, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటం నేర్చుకున్నారు. దాచేది ఏమీ లేకపోయేసరికి చిలుక అవసరం తీరిపోయింది. ఆర్నెల్లు తిరిగేసరికి జోడీదారు మూతి మీద తెల్లటి మీసం గుబురుగా లేచింది. అద్దం లేని షెడ్డులో లారీ అద్దాల ముందు నిలబడి దాన్ని మెలేసుకుంటుండేవాడు.

"ముప్పై ఏండ్ల దోస్తీ సాబ్" అని ఉస్తాద్ నాతో ఫిర్యాదు చేసేవాడు. "గిప్పుడు ఈని మాట ఒక్కటి సమజైతలేదు."

"సమజ్ గాకుంటెనే మంచిగున్నది" అనేవాడు జోడీదారు మీసంలోంచి.

ఆ మొగుడూ పెళ్లామూ రెండు నెలల తర్వాత ఇంకో లారీ కొన్నారు. నేనూ చూశాను. రంగు ఎప్పుడో వెలిసిపోయింది, ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. చల్లటి పొద్దున ఒక్క తిప్పుకే లేచింది. ఉస్తాద్ కడ్డీ పళ్లకు పెట్టి ఆరుగుర్నీ పలకరించి, ఆమె వైపు తిరిగి, "ఆరుగురు మంచోళ్లు బిడ్డా, తీస్కో" అన్నాడు. ఆమె మొదటిసారి ఏడ్చింది.

ఆ లారీవాళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. ఉస్తాద్ పాసు చేసిన బండి ఆ షెడ్డు ముందు నుంచి పోతే సలాంగా రెండుసార్లు హారన్ కొట్టాలి. ఇరవై ఏళ్లుగా అందరూ కొట్టేవారు. పదకొండేళ్లుగా ఆ సలాం జోడీదారుకు మాత్రమే చేరేదని ఎవరికీ తెలియదు. ఆ డ్రైవరు తన లారీతో మొదటి లోడు వేసుకుని అటు పోయినప్పుడు హారన్ కొట్టలేదు. మిట్ట మధ్యాహ్నం ఎండలో ముందు దీపాలు రెండుసార్లు వెలిగించి ఆర్పాడు. షెడ్డులో మూల కూర్చున్న ఉస్తాద్ లేచి నిలబడి, చేయి నుదుటికి ఆనించాడు. ఆ తర్వాత ఒకర్ని చూసి ఒకరు, అందరూ అదే పని చేశారు. ఏడాది తిరిగేసరికి ఆ దారిలో పట్టపగలు హారన్ కొట్టే లారీయే లేకుండా పోయింది.

నేను డెస్కుకు మారి చాలా ఏళ్లయ్యాక, ఎనభైల్లో, ఒక కొత్త విలేకరి పరుగున నా బల్ల దగ్గరికొచ్చాడు. చురుకైన కుర్రాడు, కళ్ల నిండా కథ.

"సార్, ఉప్పుగూడ దగ్గర ఒక వింత చూశాను. పట్టపగలు లారీలన్నీ లైట్లు వేసి ఆర్పుతున్నాయి. అక్కడ రేకుల షెడ్డులో ఒక ముసలాయన లేచి లేచి సలాం చేస్తున్నాడు. ఎందుకో కనుక్కుని రాయనా?"

నేను ప్రూఫు మీద నుంచి తల ఎత్తకుండా, "అక్కడ ఏమీ లేదు. వైర్లు పాతబడి ఉంటాయి" అన్నాను.

నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. దానికి ఎవరైనా సవరణ వేయాలనుకుంటే, ఇదిగో, ఇప్పుడు వేసుకోవచ్చు.